మొసలి ప్రకటన

నది ఒడ్డునే పుట్టి పెరిగిన ఒకానొక రాజ్యంలో ఎల్లమంద అనే దండోరాగాడు ఉండేవాడు. రాజుగారి ప్రకటనలు వీధి వీధినా డప్పు కొట్టి చదవడం అతని ఉద్యోగం. చదివాక నాలుగు ముక్కల్లో అర్థం చెప్పడం అతని అలవాటు. జనం మొదటిది వదిలేసి రెండోదే వినేవారు.

ప్రకటనలు రాసే మంత్రి గంభీరనాథుడికి ఇది కంటగింపైంది.

"ప్రభూ, నలభై పదాల శాసనాన్ని వీడు 'కుక్కల్ని కట్టేసుకోండి' అని తేల్చేశాడు. ఇక ఏలినవారి గాంభీర్యం ఏం కావాలి?" అని రాజుతో మొరపెట్టుకున్నాడు.

రాజు చండకేతుడికి గాంభీర్యమంటే ప్రాణం. మంత్రి రాసేది ఆయనకూ అర్థమయ్యేది కాదు. అయినా ఎంత పొడుగుంటే అంత సంబరంగా ముద్ర వేసేవాడు. ఎల్లమందను పిలిపించి ఆజ్ఞాపించాడు.

"ఇకమీదట అర్థం చెప్పకూడదు. అక్షరం తగ్గకూడదు. మధ్యలో ఆపకూడదు. ప్రతి ప్రకటనా మూడు రోజులు చదవాలి. తప్పితే యాభై కొరడా దెబ్బలు."

"చిత్తం" అన్నాడు ఎల్లమంద.

ఆ వారమే నదిలోకి మొసలి వచ్చింది. మంత్రి ప్రకటన రాశాడు, రాజు ముద్ర వేశాడు, ఎల్లమంద అక్షరం పొల్లుపోకుండా చదివాడు. అందులో 'నక్ర సంచార విశేషము' అన్న మాట విని జనం అదేదో ఉత్సవం అనుకున్నారు. పులిహోర మూటలు కట్టుకుని రేవుకు బయలుదేరారు. చాకలి సూరన్న అందరికంటే ముందు నీళ్లలో దిగాడు. వెంట్రుకవాసిలో బయటపడ్డాడు గానీ, పంచె మాత్రం మొసలికే దక్కింది.

ఎల్లమందకు ఆ పూట ముద్ద దిగలేదు. ఒక్కమాట చెప్పి ఉంటే సరిపోయేది. చెబితే వీపు చిట్లేది.

రెండో రోజు సాయంత్రం జాలర్లు వల వేసి మొసలిని పట్టేశారు. ఆ సంగతి చెబుతూ మంత్రి మరింత పొడుగు ప్రకటన రాసిచ్చాడు. రెండు ప్రకటనల తాటాకులూ చేతిలో పెట్టుకుని చూసుకున్న ఎల్లమందకు ఒక ఉపాయం తోచింది.

మూడో రోజు పొద్దున్నే రాజు పరివారంతో స్నానానికి వచ్చి మొలలోతు నీళ్లలో నిలబడ్డాడు. ఎల్లమంద రేవు మెట్ల మీద డప్పు కొట్టి మొదటి ప్రకటన అందుకున్నాడు.

"శ్రీమన్మహారాజ శాసనానుసారముగా, తటినీ గర్భాంతర్గత కరాళ నక్ర సంచార విశేషము వలన సంజాతమైన ప్రాణాపాయమును పురస్కరించుకొని..."

రాజు చెవులు రిక్కించాడు. "ప్రాణాపాయమా? ఎవరికి?"

ఎల్లమంద ఆపలేదు. "...జలావగాహనేచ్ఛువులగు సమస్త ప్రజానీకమునకును..."

"మంత్రీ, నక్రమంటే ఏమిటి?"

"గ్రాహము, ప్రభూ."

"గ్రాహమంటే?"

"కుంభీరము."

అంతలో ఎగువనుంచి నల్లటి మొద్దొకటి కొట్టుకొస్తూ కనబడింది. రాజు దాన్ని చూసి ఒడ్డువైపు రెండడుగులు వేశాడు.

"ఎల్లమందా, అర్థం చెప్పకూడదన్న ఆజ్ఞ ఎత్తేశాను. మామూలు మాటల్లో చెప్పు."

"నదిలో మొసలి ఉంది, దిగకండి, ప్రభూ."

రాజు నీళ్లలోంచి ఎలా వచ్చాడో ఎవరూ చూడలేదు. చూసేసరికి మంత్రి భుజాలమీద ఉన్నాడు.

మొద్దు మెల్లగా రేవు దాటిపోయింది.

"మరి మొసలేదీ?" అన్నాడు రాజు పైనుంచే.

"నిన్న సాయంత్రమే పట్టేశారు, ప్రభూ."

"ఆ మాట ముందే చెప్పవేం?"

"అది రెండో ప్రకటనలో ఉంది. మొదటిది ఇంకా సగమైనా కాలేదు. మధ్యలో ఆపకూడదని తమరి ఆజ్ఞ."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే తన చేతి కంకణం తీసి ఎల్లమందకు విసిరాడు.

"నేటినుంచి ప్రతి ప్రకటనా ముందు సంతలో కూరలమ్మే ఆడవాళ్లకు వినిపించు. అర్థమైందని వాళ్లంటేనే నా ముద్ర పడుతుంది."

కిందినుంచి మంత్రి మూలిగాడు. "ప్రభూ, భారాతిశయ జనిత స్కంధ వేదనా..."

"అర్థం కాలేదు" అన్నాడు రాజు.

"బరువుగా ఉన్నారు. దిగండి, ప్రభూ."

"ఇప్పుడు తెలిసింది" అని రాజు దిగాడు.