దూదేకుల కొట్టంలో చిలక

దస్తగిరికి చిలకతో వచ్చిన తంటా చెప్పాలంటే ముందు అతని నోటి సంగతి చెప్పాలి. పొద్దు పొడిచింది మొదలు ఆ నోటికి మూత లేదు. అల్లా పేర్లు తొంభై తొమ్మిదీ వరసగా, వీధి చివరికి వినపడేటట్టు చెప్పేవాడు. జపమాల తిప్పుతూ చెప్పేవాడు, పత్తిలో గింజలు ఏరుతూ చెప్పేవాడు, అన్నం తింటూ కూడా చెప్పబోతే భార్య హుసేనమ్మ అడ్డుపడేది. అతనికి భక్తి లేదని ఎవరూ అనలేరు. కాస్త ఎక్కువైందని మాత్రం చాలామందే అనేవాళ్ళు.

అతని గురువు బడేసా తాత దీనికి పూర్తిగా తిరగేసిన మనిషి. తుంగభద్ర ఇవతల నల్లరేగడి పల్లెల్లో, మిల్లులు ఇంకా రాని రోజుల్లో, ఆయన ఇంటింటికీ బొంతలకూ పరుపులకూ దూది ఏకిపెట్టేవాడు. ఊరి చివర చిన్న కొట్టం. దూలానికి వేలాడే పెద్ద విల్లు. దానికి బిగించిన నరం మీద కొయ్యతో కొడితే టంయ్‌మని మోగి, ముద్దకట్టిన పత్తి నురగలాగా పైకి లేచేది. దూది పొట్టు లోపలికి పోకుండా తాత ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకునేవాడు. పొద్దున కట్టుకుంటే మళ్ళీ కూటివేళకే విప్పడం.

ఆయన బోధ చెయ్యగా విన్నవాళ్ళు లేరు. అయినా మనుషులు వచ్చేవాళ్ళు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఒకరోజు, అన్నదమ్ములతో తగాదాపడినవాడు ఇంకొకరోజు. ఆ గడపలో కూచుని కాసేపు నరం మోత విని, ఏమీ అడక్కుండానే లేచిపోయేవాళ్ళు. పోయేటప్పుడు ముఖాలు తేటపడి ఉండేవి.

ఆ తేట ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకోవాలనే దస్తగిరి పదకొండేళ్ళుగా అక్కడ గింజలు ఏరుతున్నాడు. తాత దగ్గర ఒక నామం ఉందని, అది గురువు చెవిలో చెబితే తప్ప అబ్బదని అతని నమ్మకం. మూడుసార్లు నోరు తెరిచి అడిగాడు. మూడుసార్లూ తాత ఇంత పత్తి అతని ముందుకు తోసి, ఏరమన్నట్టు సైగ చేశాడు. ఈమధ్య తాత చెయ్యి వణుకుతోంది. ఆ నామం చెప్పకుండానే ఆయన కన్నుమూస్తే ఇన్నేళ్ళ కొలువూ బూడిదలో పోసిన పన్నీరే కదా అని దస్తగిరికి దిగులు పట్టుకుంది. రాత్రుళ్ళు సరిగా నిద్ర కూడా పట్టేది కాదు పాపం.

ఆ దిగుల్లోంచే చిలక ఆలోచన పుట్టింది. పక్క ఊరి దర్గా ఉరుసులో ఒక పెద్ద రామచిలక వచ్చినవాళ్ళకల్లా సలాం చెబుతుంటే జనం విరగబడి చూశారు. ఆ గుంపులో నిలబడి దస్తగిరి ఒక ఎత్తు వేశాడు. సలాం ఏముంది, నేను పిట్ట చేత దేవుని పేరే పలికిస్తే? పిట్టకు నేర్పగలిగినవాడికి నామం ఇవ్వడానికి తాత మాత్రం ఎందుకు వెనకాడతాడు?

సంతలో పిట్టలు పట్టేవాని దగ్గరకు పోయి, ఒక బొంత ఇచ్చి చిలకను తెచ్చుకున్నాడు. పెద్దవన్నీ అయిపోయి మిగిలింది అదొక్కటే. గుప్పెడంత పిట్ట. పండిన రేగుపండు రంగు తల, ఒళ్ళంతా పచ్చ, తోక కొసన తెల్లటి మచ్చ. ఎగరకుండా రెక్క ఈకలు కత్తిరించి ఉన్నాయి. పిట్టలవాడు మంచివాడే, ఉన్నమాట చెప్పాడు. ఈ చిన్నజాతి ఈల బాగా వేస్తుంది గానీ మాట్లాడేది అరుదు, పెద్ద చిలక దొరికేదాకా ఆగితే మేలన్నాడు. ఇంకొక మాట కూడా చెప్పాడు. "చిలక ఏదైనా గానీ అన్నా, చెవిన పడిందే పలుకుతాది. సొంతంగా ఒక్క మాట కలపదు."

దస్తగిరి ఆగే మనిషా? పిట్ట కళ్ళు చూశాడు, చురుగ్గా ఉన్నాయి. నోరు తెరిపించి నాలుక చూశాడు, మందంగా ఉంది. వేలు పెడితే కసుక్కున కొరికింది, అంటే రోషమూ ఉంది. ఇన్ని గుణాలున్న పిట్టకు చదువు రాకపోవడమేమిటని సంబరంగా ఇంటికి తెచ్చుకున్నాడు.

నలభై రోజులు పాఠం నడిచింది. తెల్లవారకముందే పంజరం మీద గుడ్డ కప్పి, దాని పక్కన నోరు పెట్టి, అల్లా అను అల్లా అను అని వెయ్యిసార్లు చెప్పేవాడు. పచ్చిమిరపకాయ చూపించి దాచేవాడు. పలికితేనే పెడతానని ఒక పూట పస్తు కూడా పెట్టాడు, ఆ పాపం దాచడం ఎందుకు. చిలక తల పక్కకు వాల్చి ఒక ఈల వేసి, అతని వేలు కొరికేది. అతను గొంతు పెంచితే అది ఈల పెంచేది. ఎదురింటి రెడ్ల పిల్లలకు తొంభై తొమ్మిది పేర్లూ నోటికి వచ్చేశాయి గానీ చిలకకు ఒక్కటీ రాలేదు. అది పలకదామన్నా సందు ఇస్తే కదా నువ్వు, చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంటే ఏ పిట్ట నోరు తెరుస్తుందని హుసేనమ్మ దెప్పింది. దస్తగిరి అది పెడచెవిన పెట్టాడు.

నలభై ఒకటో రోజు పంజరం తీసుకుని కొట్టానికి పోయాడు. ముఖం చిన్నబోయి ఉంది. తాత ముందు పంజరం పెట్టి, జరిగిందంతా చెప్పుకున్నాడు, పస్తు సంగతి ఒక్కటి తప్ప.

"తాతా, ఈ పిట్ట పెంచుకునేదానికి పనికొస్తాదా, రాదా? దీనికి చదువు వచ్చే రాత ఉందా? నువ్వు చూసి ఒక మాట చెప్పు. లేదంటే పిట్టలవానికే తిరిగి ఇచ్చేస్తా."

తాత విల్లు ఆపి, వంగి చిలకను చూశాడు. చిలక తాతను చూసింది. తర్వాత తాత పంజరం తలుపు ఊడబెరికి పొయ్యిలో పారేశాడు. తలుపు లేని పంజరాన్ని విల్లు పక్కన మేకుకు తగిలించాడు. దండెం మీదినుంచి ఉతికిన గుడ్డ ఒకటి తీసి, దస్తగిరి ముక్కూ నోరూ కప్పేటట్టు తన చేతులతోనే కట్టి, వెనక ముడి వేశాడు.

"పిట్టకు నలభై దినాలు ఇస్తివి కదా. నాకూ నలభై ఇయ్యి. దానికి నువ్వేమీ నేర్పద్దు."

పదకొండేళ్ళలో దస్తగిరి నోటికి గుడ్డ కట్టుకోలేదు. కట్టుకుంటే పేర్లు గట్టిగా చెప్పడానికి కుదరదని దూది పొట్టు మింగుతూనే గడిపాడు. ఇప్పుడు మొదటి రెండు రోజులూ ప్రాణం మీదికి వచ్చింది. పేర్లు గొంతుదాకా వచ్చి గుడ్డకు తగిలి వెనక్కి పోయేవి. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. తాత మాత్రం తన పని తాను చేసుకుంటున్నాడు. చేసేదిలేక దస్తగిరి కూడా గింజలు ఏరాడు.

నాలుగో రోజుకు అతనికి కొత్త సంగతులు తెలిశాయి. పత్తి తడిగా ఉంటే నరం ఒక రకంగా మోగుతుంది, ఎండితే ఇంకో రకంగా. వాన వచ్చేముందు దాని గొంతు కాస్త బొంగురుపోతుంది. పదకొండేళ్ళు పక్కనే కూచుని ఇవేవీ వినలేదే అని ఆశ్చర్యపోయాడు.

చిలక మొదట పంజరం దాటి రాలేదు. తర్వాత పంజరం మీదికి ఎక్కింది. అక్కడినుంచి విల్లు కొయ్య మీదికి. తాత కొట్టినప్పుడల్లా విల్లంతా అదిరేది, దానితోపాటు పిట్టా అదిరేది, అయినా గోళ్ళతో గట్టిగా పట్టుకుని అక్కడే ఉండేది. కొన్నాళ్ళకు తాత భుజం దానికి కాపురమైంది. ఆయన చెంప పక్కన, గుడ్డకు ఆనుకుని కూచుని, కళ్ళు అరమూసుకునేది. దస్తగిరి దాన్ని చూస్తూ గింజలు ఏరడం మరిచిపోయేవాడు.

ఈకలు మళ్ళీ వచ్చాయి. ఒకరోజు చిలక గడప దాటి జొన్నచేల మీదుగా ఎగిరిపోయింది. దస్తగిరి దిగ్గున లేచాడు. తాత దెబ్బ తప్పలేదు, తల తిప్పలేదు. ఆ రోజంతా పంజరం ఖాళీ. మర్నాడూ ఖాళీ. దాన్ని తిరిగి ఇచ్చేస్తానన్నవాడు తానే కదా, ఇప్పుడు అతనికే కూడు సయించలేదు. మూడో రోజు పొద్దున్నే వచ్చి చూస్తే విల్లు మీద కూచుని ఈకలు సర్దుకుంటోంది. పిలవని చుట్టంలా వచ్చిందని హుసేనమ్మతో చెప్పుకుని దస్తగిరి ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు.

ముప్పై ఆరో రోజు మధ్యాహ్నం, నమాజుకు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి తాత బావికి పోయాడు. కొట్టంలో దస్తగిరీ, చిలకా ఉన్నారు. గాలి లేదు. లేచిన దూది మెల్లగా కిందికి దిగుతోంది. విల్లు నిలిచిపోయి ఉంది. చిలక దాని మీద కూచుని మెడ ఈకలు ఉబ్బించుకుంది.

"టంయ్," అంది.

దస్తగిరి నరం వైపు చూశాడు. నరం కదలలేదు. అతనికి నవ్వు వచ్చింది. ఆ నవ్వు గుడ్డ కిందనే ఆగిపోయింది, ఎందుకంటే చిలక మళ్ళీ పలికింది.

"ఉండావా, సామీ?"

అది తాత గొంతు. ఆ కొద్దిపాటి వణుకు, 'సా' దగ్గర ఊపిరి చిక్కుకోవడం, అంతా తాతదే. పొరుగింటి గడప ముందు నిలబడి, లోపల ఉన్నావా అని పలకరించినట్టు ఉంది. దస్తగిరి చేతిలో పత్తి చేతిలోనే ఉండిపోయింది. ఇదా? నామం ఇదా? ఆ గుడ్డ చాటున, దెబ్బకూ దెబ్బకూ మధ్య, ఈయన రోజంతా అడుగుతున్నది ఇదా? తాను మూడు బారల దూరంలో కూచుని, పదకొండేళ్ళూ తన అరుపులతో దీన్ని కప్పేశాడు. అతని కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

చిలక ఒక దెబ్బ పట్టేంతసేపు ఊరుకుంది. తర్వాత మెల్లగా పలికింది.

"ఊఁ."

దస్తగిరి ఒళ్ళు ఝల్లుమంది. ఈ గొంతు తాతది కాదు. ఊళ్ళో ప్రతి గొంతూ అతనికి తెలుసు. ఇది మగగొంతు కాదు, ఆడగొంతూ కాదు. నిద్రలో పిల్ల కలవరిస్తే తల్లి కళ్ళు తెరవకుండానే పలుకుతుందే, అంత దగ్గరగా ఉంది, అంత చనువుగా ఉంది. ఇన్నాళ్ళలో ఈ కొట్టంలో తాతా, తానూ తప్ప మూడో మనిషి పని చెయ్యలేదు. చెవిన పడిందే పలుకుతాది, సొంతంగా ఒక్క మాట కలపదు అన్న పిట్టలవాని మాట గుర్తొచ్చి, కూచున్నవాడు కూచున్నట్టే నేలకు నుదురు ఆనించాడు.

చిలక అదంతా పట్టించుకోకుండా కిందికి దిగి, దూది పోగు ఒకటి పీకి ఆడుకోసాగింది.

తాత తడికాళ్ళతో గడపలోకి వచ్చి అతన్ని చూసి ఆగాడు. దస్తగిరి తల ఎత్తాడు. చిలకను చూపించాడు, విల్లును చూపించాడు. చివరికి గుడ్డ కిందికి లాగి, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా అడిగాడు.

"తాతా, ఆ 'ఊఁ' అనేది ఎవరు?"

తాత చేతిలో చెంబు కింద పెట్టాడు.

"పలికిందా?"

"పలికింది తాతా. నీ మాటా పలికింది, ఆ మాటా పలికింది."

ముసలాయన దూది కుప్ప పక్కన మెల్లగా కూలబడ్డాడు. చిలక నడుచుకుంటూ వచ్చి ఆయన మోకాలు ఎక్కింది. దాని రేగుపండు తలను ఒక్క వేలితో నిమిరాడు. ఆయన గడ్డం మీదికి కన్నీళ్ళు దిగుతున్నాయి, తుడుచుకోలేదు.

"యాభై ఏండ్లాయ నాయనా," అన్నాడు. "ఒట్టి నరం మోతేమో, నాకే అట్లా వినపడుతుందేమో అనుకుంటాంటి. అందుకే నీకు చెప్పలే."

తాత లేచి, నమాజు ముగించుకుని వచ్చి, నోటికి గుడ్డ కట్టుకున్నాడు. చిలక భుజం ఎక్కింది. కొయ్య ఎత్తి నరం మీద వేశాడు.

దస్తగిరి జారిన గుడ్డను పైకి లాక్కుని, వెనక ముడి ఇంకొంచెం బిగించుకున్నాడు.