నోరులేని వెన్నెలకన్ను

అనగనగా, ఇంటింటా పట్టుపురుగుల్ని పెంచే దేశానికి ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు సుకేతుడికి మంత్రి కూతురు ప్రభావతితో పెళ్ళి. తలంబ్రాలు కలుపుతుండగా కరాళుడనే మాంత్రికుడు సుడిగాలిలా వచ్చి పెళ్ళికూతుర్ని ఎత్తుకుపోయాడు.

వాడి కోట ఏడు సముద్రాల అవతల, సింహాలు తిరిగే ఎర్రమట్టి అడవిలో ఉంది. కోట ముందు ముళ్ళచెట్టుకు పట్టుగూడులాంటి వెండిరంగు గూడొకటి వేలాడుతోంది. "నా ప్రాణం ఆ గూట్లోనే ఉంది. దానికి హాని చెయ్యబోతే రాయైపోతారు!" అని వాడే ఊరూరా డప్పు కొట్టుకునేవాడు.

"తమ్ముడూ, నువ్వు చిన్నవాడివి, ఉండు" అని పెద్దవాడు వెళ్ళాడు. గూటి మీద కత్తి ఎత్తాడు, రాయైపోయాడు. రెండోవాడు వెళ్ళాడు. "గూడంటే ఉడకబెట్టాలి, మన దేశంలో పసిపిల్లకైనా తెలుసు" అని దాని కింద కుండెడు నీళ్ళు కాచాడు. వాడూ రాయైపోయాడు.

అప్పుడు సుకేతుడు ఏడు సముద్రాలూ దాటాడు. ముళ్ళచెట్టు కింద ఊసరవెల్లి ఒకటి దాహంతో సొమ్మసిల్లి ఉంది. తన నీళ్ళు దానికి పోశాడు.

అది ఒక కన్ను ఇటూ ఒక కన్ను అటూ తిప్పి, "నాయనా, గూట్లోంచి ఏం వస్తుందో ఎప్పుడైనా చూశావా?" అంది.

"లేదు తాతా. గుడ్ల కోసం గూళ్ళు దాచేది వేరేవాళ్ళు, మేం రానివ్వం కదా!"

"అయితే ఈసారి రానివ్వు. వానదాకా కూర్చో."

సుకేతుడు కూర్చున్నాడు. మాంత్రికుడు కోట మీంచి పగలబడి నవ్వాడు. "కూర్చోరా, గడ్డం నేలకు తగిలేదాకా కూర్చో!"

ఒకనాటి తెల్లవారుజామున తొలివాన పడింది. గూడు తడిసి మెత్తబడింది. లోపలినుంచి తడిసిన గుడ్డపీలికలా ఏదో పాకి వచ్చి కొమ్మ పట్టుకుంది. చూస్తుండగానే రెక్కలు సాగాయి. చేటంత రెక్కలు, వాటి మీద గుండ్రని కళ్ళు!

మాంత్రికుడు పరుగున వచ్చాడు. ఆ కళ్ళు చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. "తల్లీ, ఎగరకు! తేనె పోస్తాను, పాలు పోస్తాను!" అన్నాడు.

ఊసరవెల్లి నవ్వింది. "ఏం తాగుతుందయ్యా? దానికి నోరే లేదు. తినేదంతా పురుగుగా ఉన్నప్పుడే తినేసింది."

"దాని పేరు చెప్పండి! పేరు పెట్టి మంత్రం వేస్తాను!"

"దాన్ని చూసినవాళ్ళెవరు, పేరు పెట్టినవాళ్ళెవరు?" అన్నాడు సుకేతుడు.

మాంత్రికుడు "పురుగా, ఆగు!" అని అరిచాడు. అది పురుగు కాదు కదా! రెక్కలు ఆరాయి, ఎగిరింది. గూట్లో దాచిన ప్రాణం దానితోపాటే ఎగిరిపోయి, మాంత్రికుడు పిడికెడు బూడిదయ్యాడు. అన్నలిద్దరూ రాళ్ళలోంచి లేచారు.

ప్రభావతి కోటలోంచి పరుగెత్తుకొచ్చింది. "ఇక వెళ్దాం పద" అన్నారు అన్నలు.

"బావగారూ, పెళ్ళికి తొందరేముంది? ఈ తల్లి బతికేదే వారమని ఊసరవెల్లి తాత అంటున్నాడు. గుడ్లు పెట్టేదాకా కాపలా కాద్దాం" అంది ప్రభావతి.

ఆ రెక్కలతల్లి గాలికి వాసన వదిలితే, ఆమడ దూరం నుంచి జత వెతుక్కుంటూ వచ్చింది. తర్వాత తల్లి ఆకుల మీద గుడ్లు పెట్టింది. ఏడోనాడు ప్రభావతి అరచేతిలో వాలి కన్నుమూసింది. సుకేతుడు కళ్ళు తుడుచుకుని, "పేరు లేకుండా పంపిస్తామా?" అన్నాడు. ప్రభావతి దానికి వెన్నెలకన్ను అని పేరు పెట్టింది.

ఇంటికొచ్చాక పెళ్ళి జరిగింది. పురోహితుడు పెళ్ళికొడుకు ముత్తాత పేరు ఎత్తబోయాడు.

"ఆగండి స్వామీ, మా పెద్దల్లో ముందుగా చెప్పాల్సిన పేరు ఇంకొకటుంది" అన్నాడు సుకేతుడు.

వాళ్ళిద్దరూ అరవై ఏళ్ళు చల్లగా రాజ్యమేలారు. వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళలోనూ, మనవల పెళ్ళిళ్ళలోనూ పురోహితుడు వెన్నెలకన్ను పేరు చెప్పాకే తాతముత్తాతల పేర్లు చెప్పేవాడు.