గొడుగు విప్పనియ్యని పచ్చిక

వినండర్రా, ఒళ్లు మండే కథ చెబుతా. ఏడు సముద్రాలకి ఇవతల చిత్రసేనుడనే రాజుండేవాడు. ఆయనకి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు మంజీర.

ధూమాక్షుడనే మాంత్రికుడొచ్చి, "మంజీరని నాకిచ్చి పెళ్లి చెయ్యి," అన్నాడు. రాజు వణికి సరేనన్నాడు. పెద్దన్న ఊరుకోలేదు. ఏడు సముద్రాలు దాటి, మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉందంటే నమ్మి, దాని మెడ నులిమాడు. వాడు చావలేదు. పెద్దన్నే రాయైపోయాడు. చిన్నన్న వెళ్లి ఇంకో చిలకని పట్టాడు. వాడూ రాయైపోయాడు.

"మీలాంటి వెధవల కోసమేరా నేను చిలకల్ని పెంచేది!" అని మాంత్రికుడు పగలబడి నవ్వాడు.

పెళ్లిరోజు తెల్లారింది. మంజీర కోపం పట్టలేక కోట పచ్చికలోకొచ్చి, కంటబడ్డ పుట్టగొడుగుని తన్నబోయింది. వేలెడంత ఉంది, మట్టిరంగుది.

"ఆగవే! నువ్వూ తంతావా?" అని అరిచింది పుట్టగొడుగు. "వాడి ప్రాణం దాచింది నాలోనే!"

"సిగ్గులేదూ? పీకి పారేస్తా!"

"రోజూ పీకుతూనే ఉన్నారుగా! నా ఒళ్లంతా మట్టికింద దారాల్లా పాకి ఉంది, మళ్లీ మొలుస్తాను. ఒక్కసారి గొడుగు పూర్తిగా విప్పి పొడి రాల్చనిస్తే, దాంతోపాటే వాడి ప్రాణం గాలికి పోతుంది. అందుకేగా పచ్చిక శుభ్రంగా ఉంచమని మీ నాన్నకి హుకుం వేశాడు! వాడి ప్రాణానికి కాపలా మీ నాన్నే, తల్లీ."

మంజీర దాని ముందు బైఠాయించింది.

తోటమాలి పార పట్టుకొచ్చాడు. "లేవండమ్మా."

"ముందు నా కాలు నరుకు, తర్వాత దాన్ని పీకు."

వాడు పోయాడు. మంత్రి వచ్చాడు. "ఆడపిల్లకింత కోపం పనికిరాదు, అమ్మాయిగారూ."

"మగాడివి, నీకింత భయం పనికొచ్చిందా?"

ఆయనా పోయాడు. రాజొచ్చాడు. "తల్లీ, పెళ్లికొడుకు గుమ్మంలో ఉన్నాడు. నా పరువు..."

"పరువా? కొడుకులు రాళ్లై పడుంటే, వాడి పచ్చిక దువ్వుతూ కూచున్నావు! ఇంకొక్క అడుగు వేశావో, నేను నీ కూతుర్ని కాను."

రాజు ఎత్తిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. అంతలో ధూమాక్షుడు పరిగెత్తుకొచ్చాడు. "రాజా! పీకు దాన్ని!"

రాజన్నాడు, "నువ్వే పీక్కో."

మాంత్రికుడు వంగాడు. మంజీర వాడి జుట్టు పట్టి అక్కడే అదిమింది. గొడుగు విచ్చుకుంది. నల్లటి పొడి లేచింది. వాడు తుమ్మాడు, మళ్లీ తుమ్మాడు, మూడో తుమ్ముకి బూడిదైపోయాడు. సముద్రాల అవతల రాళ్లు కదిలి, అన్నలిద్దరూ ఇంటిదారి పట్టారు.

రాజు ఏడుస్తూ, "అర్ధరాజ్యం ఇస్తానమ్మా," అన్నాడు.

"సగమెవడిక్కావాలి? కిరీటం తియ్యి, నాన్నా."

తీసి ఇచ్చాడు. మంజీర తీరిగ్గా, అన్నల్ని ఒడ్డుకి చేర్చిన పడవవాడు నచ్చితే వాణ్ణి పెళ్లాడి, పళ్లూడేదాకా రాజ్యమేలింది. కోపం మాత్రం తగ్గలేదు. ఎందుకు తగ్గాలి?