తాడుబండ మల్లన్నకు గట్టి గారె

పూర్వం, కొండలు ఇంకా నడక మరిచిపోని కాలంలో, నల్లమల నడిబొడ్డున ఏడు లోయలూ తొమ్మిది కొండలూ గల అరణ్యసీమను ఉద్దండరాయుడనే రాజు పాలించేవాడు. ఆ సీమ సౌందర్యాన్ని ఆదిశేషుడు వేయి నోళ్లతో వర్ణించబోయినా సగంలో గొంతు ఎండి మంచినీళ్లు అడగవలసిందే. అక్కడి జలధార ఉదయాన కొండకొమ్ము మీద బయలుదేరితే నేలను తాకేసరికి మిట్టమధ్యాహ్నమయ్యేది. ఒక నెమలి పురి విప్పితే పక్క లోయలో ఎండ తగ్గేది. ఇప్పపూలు రాలే రోజుల్లో ఆ గాలి పీల్చిన ఎలుగుబంట్లు వారం పాటు ఒకదానికొకటి వరసలు కలుపుకునేవట.

ఆ రాజుకు సింహాసనం మీదకంటే కొండల మీదే మక్కువ. వానలు వెనకబట్టగానే చేతికర్ర పుచ్చుకుని బయలుదేరి, గుట్ట గుట్టా ఎక్కి, లోయ లోయా దిగి, "ఈ సీమలో నేను పలకరించని రాయి లేదు" అని మురిసిపోయేవాడు. ఒక్క చోటు మాత్రం ఆయనకు దక్కలేదు. తొమ్మిదో కొండ నిట్టనిలువు చరియ నడుమ ఒక గుహ ఉందని, అందులో మల్లన్న స్వామి స్వయంభువుగా వెలిశాడని, ఆ గుహ వాకిట నిలిస్తే ఏడు లోయలూ ఒక్క చూపులో కనిపిస్తాయని తేనె తీసే చెంచులు చెప్పేవారు. దానికి దారి లేదు. నారతాడు పట్టుకుని దిగవలసిందే.

రాజు చెంచుల పెద్ద ఈరమ్మను పిలిపించాడు.

"దిగొచ్చు దొరా. మరి తాడెవరు పడతారు?" అంది ఈరమ్మ.

"నా దగ్గర నూరుగురు మల్లులున్నారు."

"మల్లులెందుకు? తేనెకు దిగేవాడి తాడు వాడి పెళ్లాం తమ్ముడే పట్టాలి. వదిలాడంటే బొట్టు పోయేది వాడి అక్కకే గదా! అంతకు మించిన పట్టు ఎవరికుంటది? నీ బావమరిదిని పిలువు."

రాజు ముఖం చిన్నబోయింది. పన్నెండేళ్ల కిందట తన పెళ్లిపంక్తిలో గారె కొరికి, "ఇవి జాగ్రత్త చేయండి, కోటగోడ కూలినచోట పెట్టుకోవచ్చు" అన్నాడాయన. నవ్విన పెళ్లివారిలో కొందరు ఇంకా నవ్వుతూనే ఉన్నారట. దగ్గరుండి ఆ గారెలు వండించిన పెళ్లికూతురి తమ్ముడు సింగరాజు మాత్రం విస్తరి ముందునుంచి లేచిపోయి, మళ్లీ అక్క గడప తొక్కలేదు. రాణి కనకాంబ ప్రతి పండుగకూ తమ్ముడికని పీట వేసేది, ఖాళీ పీటే తీసేది. రాజు అది చూసేవాడు, చూడనట్టు తాంబూలం వేసుకునేవాడు.

కాబట్టి శివరాత్రి నాడు మల్లులే తాడు పట్టారు, రాజు దిగాడు. గుహ వాకిట పాదం మోపి తలెత్తేసరికి ఏడు లోయలూ ఏడు పచ్చపట్టుచీరలు ఆరేసినట్టు కనిపించాయి. రెప్ప వేయడం మరచి చూశాడు. ఇంతలో గుమ్మడికాయలంతటి తేనెటీగలు లేచి పైకి పోయాయి. మిగతా తొంభై తొమ్మండుగురు పట్టుకున్నారు కదా అని ప్రతి మల్లుడూ చేయి వదిలి ఈగను తోలుకున్నాడు. తాడు రాజు కళ్లముందునుంచే జారి లోయలో పడిపోయింది.

ఈరమ్మ కొత్త తాడు పేనింది. మల్లులు మళ్లీ ముందుకొచ్చారు గాని, కింద ఉన్న రాజు, "వద్దు, ఆ చేతులు వద్దు!" అని కేకలు వేశాడు. కొండ మీదికి పరుగెత్తి వచ్చిన కనకాంబ తమ్ముడికి కబురు పంపింది: "నా పసుపుకుంకుమలు తాడు మీద వేలాడుతున్నాయి." మూడో రోజు ఉదయానికి సింగరాజు వచ్చాడు. తాడు ఒక కొస కిందికి దించి, రెండో కొస నడుముకు చుట్టుకుని, బండకు కాళ్లు తన్ని కూర్చున్నాడు.

"బావా! ఆకలేస్తోందా?"

"మూడు రోజులైందయ్యా!"

"గారెలు దించమంటావా? గట్టివే!"

గట్టివే, గట్టివే అని ఏడు లోయలూ వంత పాడాయి.

"రాళ్లైనా తింటాను, ముందు లాగు!"

"పదిమందిలో అన్న మాట ఒకటి ఉంది, బావా."

రాజు తాడు నడుముకు కట్టుకుని, ఆ మాట ఎలా మింగాలో తెలియక ముడినే రెండుసార్లు విప్పి కట్టాడు. పైనుంచి కనకాంబ ఏడుపు సన్నగా వినిపించింది. అప్పుడు గొంతెత్తి, "మెత్తగానే ఉన్నాయి, సింగరాజా! కొరికినప్పుడే తెలుసు. నలుగురినీ నవ్విద్దామని అన్నాను" అన్నాడు.

ఆ మాట పూర్తికాకముందే తాడు కదిలింది. ఈగలు మళ్లీ లేచి సింగరాజును నిలువెల్లా కమ్ముకున్నాయి. ఆయన రెప్ప మీది ఈగను కూడా తోలుకోలేదు. బండ అంచున రాచుకుని తాడులో మూడు పేటలకు రెండు తెగిపోయాయి. మిగిలిన పేటను లోపలినుంచి మల్లన్నే వేలితో పట్టుకున్నాడంటారు.

పైకి వచ్చిన రాజుకు, బూడిదగుమ్మడిలా వాచిన ముఖంతో, అరచేతుల తోలంతా తాడుకు అంటుకుపోయిన బావమరిది కనిపించాడు. ఆ చేతులు ముద్ద ఎత్తేలా లేవు. రాజు నేల మీద చతికిలబడి, కనకాంబ తెచ్చిన గారెను తుంచి ఆయన నోట పెట్టాడు. సింగరాజు నమిలి నమిలి, "ఇది నిజంగానే గట్టిగా ఉంది, బావా" అన్నాడు. రాజు దిగిన నాడు స్వామి నైవేద్యానికని వండిన, మూడు రోజుల కిందటి గారె మరి!

నాటినుంచి అది తాడుబండ, ఆ స్వామి తాడుబండ మల్లన్న. బండ అంచున తాడు కోసిన గాడిలో నేటికీ మోచేతి దాకా చేయి పడుతుంది. వెనకటివారికి భుజం దాకా పట్టేదట. శివరాత్రి వెళ్లిన మూడోనాడు పంతం పట్టిన బావాబావమరుదులు అక్కడికి వచ్చి, మూడు రోజుల గారెను ఒకరికొకరు తినిపించుకుంటారు. తిన్నవాడు, పళ్లున్నా లేకున్నా, మెత్తగా ఉందనే అనాలి.

తమ్ముడి రాకపోకలు లేని ఆడపడుచులు ఆ గాడి పక్కన ఒక పీట వాల్చి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతారు. మరుసటి ఏడు ఆ పీట తీసుకోవడానికి ఇద్దరు వస్తారు.