దేముళ్లు ఎత్తుకుపోయిన పులుసు

చిన్న కథే. పళ్లెంలో చేపముక్క చల్లారేలోగా అయిపోతుంది.

సముద్రం ఊరికి ఇంకా దూరంగా ఉన్న కాలంలో ఒక జాలరిపేట ఉండేది. పేటకి పెద్ద ఎర్రయ్య. ముందు మీసం వచ్చేది, వెనకాల మనిషి వచ్చేవాడు. ఆ మీసం సంగతి చెప్పాలంటే ఒక పూట పడుతుంది. ఆయన భార్య పోలమ్మ. ఆవిడ పులుసు బ్రహ్మాండమని ఊరంతా అనేది. అనేదాకా ఆవిడ పక్కనే నిలబడేది మరి. ఇంతకీ కథ వీళ్లది కాదు. దేముళ్లుది.

దేముళ్లు వలలు బాగుచేసేవాడు. పడవ ఎక్కేవాడు కాదు. సముద్రమంటే భయం. భయం కాబట్టి పొద్దస్తమానం దాన్నే చూస్తూ కూర్చునేవాడు. పోటుకి నీళ్లు ఎందాకా వస్తాయో, ఆటుకి ఎందాకా వెనక్కి పోతాయో అతనికి కంఠతా వచ్చు.

ఒక ఏడు ఆటు వేళ నీళ్లు వెనక్కి పోలేదు. అలా పోకపోతే ఉప్పెన వస్తుందని అతని లెక్క.

"నీళ్లు పోలేదు, దిబ్బెక్కండి" అని ఊరి వెనకాల ఎత్తు దిబ్బ చూపించి అరిచాడు. ఒక్కడే ఎక్కాడు. గాలివాన పక్కకి పోయింది. ఊరు నవ్వింది.

మరో ఏడూ నీళ్లు పోలేదు. మళ్లీ అరిచాడు. ఒక్కడే ఎక్కాడు. గాలివాన పక్కకి పోయింది. ఊరు ఇంకా బాగా నవ్వింది.

మూడోసారి ఎర్రయ్య కూతురి పెళ్లినాడు నీళ్లు పోలేదు.

"మావా, నీళ్లు పోలేదు. దిబ్బెక్కండి."

"పెళ్లికి అందరినీ పిలిచాం గదరా. అవీ వస్తన్నాయి. నువ్వు కూకో" అన్నాడు ఎర్రయ్య.

"ఈడికి తడిగుడ్డ చూసినా భయమే" అంది పోలమ్మ, పులుసు కలుపుతూ.

దేముళ్లుకి ఒంటరిగా దిబ్బెక్కడం అలవాటే. ఈసారి కాళ్లు రాలేదు. పైన ఒక్కడే నిలబడి, కింద ఊరు మునుగుతుంటే చూడాలి. సముద్రం కంటే అదే ఎక్కువ భయం వేసింది. తలగుడ్డ విప్పి చేతులకి చుట్టుకున్నాడు. పొయ్యి మీది పులుసు కుండ ఎత్తుకుని దిబ్బకేసి పరుగు తీశాడు.

"పులుసు" అంది పోలమ్మ.

ఊరంతా లేచింది. మగపెళ్లివారు అందరికంటే ముందున్నారు. డప్పులవాళ్లు డప్పులతో పరిగెత్తారు. ముసలాళ్లు తమాషా చూద్దామని నడిచారు. మంచం పట్టిన ముసలమ్మలు మంచంతో సహా మోయించుకున్నారు.

దిబ్బ మీద దేముళ్లు దొరికాడు. కొట్టడానికి ఎర్రయ్య చెయ్యెత్తాడు. కింద చప్పుడైతే వెనక్కి చూశాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఉప్పెన వచ్చింది. పందిరి పోయింది. ఇళ్లు పోయాయి. పడవలు పోయాయి. మనిషి ఒక్కరూ పోలేదు.

"ఒరే దేముళ్లూ, రేపట్నించి పేటకి నువ్వే పెద్ద" అన్నాడు ఎర్రయ్య.

"భయం మావా" అన్నాడు దేముళ్లు.

తర్వాత చాలా ఏళ్లు బతికి, మంచం మీద పోయాడు. ఆ పేటలో అలా పోయిన మొదటి మగవాడు అతనే.

ఇప్పటికీ ఏటా గాలివానల కాలానికి ముందు ఒకరు పులుసు కుండతో దిబ్బకి పరిగెడతారు, ఊరంతా తరుముతుంది. దిబ్బకి దారి తెలియని పసిపిల్ల కూడా అక్కడ లేదు. ఎదురుపడితే బాగున్నావా అనరు, "నీళ్లు పోయాయా" అంటారు. సంబంధం వస్తే కుర్రాడికి భయం ఉందా అని అడుగుతారు. లేదంటే పిల్లనివ్వరు.

ఆనాటి పులుసు అందరూ దిబ్బ మీదే తిన్నారు, బ్రహ్మాండమన్నారు. పోలమ్మ అందులో ఇంకా ఉప్పే వేయలేదు.