చెవులు నలుపుకునే పిల్లలు

శిష్యులు సందేహం అడిగితే డాక్టర్ వైదేహమ్మ గారు జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని చెప్పేవారు. కర్నూలులో చాలా ఏళ్ళు పిల్లల వైద్యం చేసి, ఆ తరవాత పరిశోధకులకు పాఠం చెప్పడానికి కూర్చున్న మనిషి ఆవిడ. చెప్పిన పని అయ్యేసరికి సందేహం తీరుతుందనీ, తీరకపోయినా దాని ముఖం మారిపోతుందనీ ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు అంటారు.

ఆవిడ శిష్యురాలు జైబున్నీసా తెచ్చింది చిన్న సందేహం కాదు. మూడు ప్రాంతాల్లో మూడు బృందాలు, ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండా, పిల్లల్ని పుట్టిన నాటినుంచి ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉన్నాయి, ఎవరి ఒంటికి ఏది పడదో తెలుసుకోవాలని. ఆ మూడింటి సమాచారాన్నీ ఒకటి చేసే పని ఇప్పుడు ఆమె మీద పడింది. తీరా చూస్తే, ఒక బృందం "ఆయాసం వస్తుందా" అని అడిగింది. ఇంకొకటి "దద్దుర్లు లేస్తాయా" అని అడిగింది. మూడోది "తిండి ఏదైనా పడదా" అని అడిగి, ఏ తిండో రాసుకోలేదు.

"అడిగిన మాటలే వేరైనప్పుడు జవాబుల్ని ఒకే గంపలో పోయడం న్యాయమేనా అమ్మా? కలిపితే అబద్ధమాడినట్టు ఉంటుంది. కలపకపోతే ఇంతమంది ఇన్నేళ్ళ కష్టం ముక్కలుగానే మిగిలిపోతుంది."

వైదేహమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏ లెక్కలోనూ ఇమడని పిల్లలు ఉంటారుగా. వాళ్ళనేం చేశావు?"

"పక్కన పెట్టానమ్మా. ఒక్కోచోట ఏ కొద్దిమందో ఉన్నారు. అంత తక్కువమందితో ఏమీ తేలదు."

"చోటుకొకరు చొప్పున ఆ తల్లుల్ని రమ్మను. ఇష్టపడి వచ్చేవాళ్ళనే. పిల్లల్ని కూడా తెమ్మను."

అలా ముగ్గురు వచ్చారు. నెల్లూరు తీరం నుంచి సుకన్య, పాడేరు కొండల నుంచి చిలకమ్మ, ఆదోని నుంచి ఈరమ్మ. ముగ్గురూ మూడు కుర్చీల్లో ఒద్దికగా కూర్చున్నారు. పిల్లలు మాత్రం ఎప్పటినుంచో ఎరిగినవాళ్ళలా కిటికీ దగ్గర చేరి ఆడుకుంటున్నారు. పెద్దవాళ్ళ మధ్య మాట పెగలడం లేదు. ఏం చేయాలో తోచక జైబున్నీసా బేకరీ బిస్కెట్లు పళ్ళెంలో పోసి పిల్లల ముందు పెట్టబోయింది.

మూడు చేతులు ఒక్కసారే పళ్ళానికి అడ్డం వచ్చాయి.

"ఇందులో జీడిపప్పు ఉందా మేడం?" అంది సుకన్య. మిగతా ఇద్దరి నాలుక చివరా అదే మాట ఆగిపోయింది.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంతకాలం తమ ఊళ్ళో తమ బిడ్డ ఒక్కడికే ఇలా ఉందనుకున్నవాళ్ళు. సుకన్యను అత్త, లేనిపోని గారాబాలు నేర్పుతున్నావని దెప్పేది. చిలకమ్మతో, బిడ్డకు దిష్టి తగిలిందన్నారు. ఈరమ్మ ఎవరికీ చెప్పుకోనేలేదు.

"మావాడికి ఆయాసం మొదలవుతుంది," అంది సుకన్య.

"మావోడికి ముందు ఒళ్ళంతా దద్దుర్లే," అంది ఈరమ్మ.

చిలకమ్మ కొంచెం తటపటాయించింది. "అవి రాకముందే చెవులు నలుపుకుంటాడమ్మా, రెండు చేతుల్తోనూ. ఆటేమో అనుకునేదాన్ని. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు."

సుకన్య కళ్ళు కిటికీ దగ్గరున్న కొడుకు మీదికి వెళ్ళాయి. ఈరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మావోడూ అంతే," అంది చివరికి, చాలా మెల్లగా. సుకన్య తల ఊపింది.

ఏ బృందమూ చెవుల సంగతి అడగలేదు. ఆయాసమని ఒకచోట, దద్దుర్లని ఒకచోట, పడని తిండని ఒకచోట రాసి ఉన్నది ఒకే జబ్బని, అది వచ్చేముందు చేసే సైగ కూడా ఒకటేనని, ముగ్గురు తల్లులు ఎదురెదురుగా కూర్చునేదాకా ఆ మూడు బృందాల్లో ఎవరికీ తెలియదు. సముద్రపొడ్డునా, కొండ మీదా, ఎండ నేలలోనూ ఒకరినొకరు చూడని పిల్లలు ఒకేలా చెవులు నలుపుకున్నారు. జైబున్నీసా గురువు వైపు తిరిగితే, వైదేహమ్మ గారు కూడా పిల్లల్నే చూస్తున్నారు. ఆవిడ కళ్ళు చెమర్చి ఉన్నాయి.

మర్నాటినుంచి జైబున్నీసా పక్కన పెట్టిన కుటుంబాలన్నిటికీ ఫోన్ చేసి చెవుల సంగతి అడగసాగింది. అవునన్నవాళ్ళు చాలామందే తేలారు. అలా కనబడితే క్షణం ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తమని అందరికీ చెప్పింది.

ఆ వానాకాలం ఆదోని దగ్గర పల్లె నుంచి ఒక తండ్రి ఫోన్ చేశాడు. పెళ్ళిలో జీడిపప్పు పాయసం తిన్న కొడుకు చెవులు నలుపుకుంటుంటే, ఇంకేమీ కనబడకముందే ఎత్తుకుని ఆటో ఎక్కాడట. ఆస్పత్రి గుమ్మంలో పిల్లవాడికి గొంతు పూడుకుపోయింది. సూది మందు వెంటనే అందింది. "బతికినాడు మేడం," అని చెప్పి, అతను ఫోన్ పెట్టేశాడు.

జైబున్నీసా ఆ కబురు మోసుకుని గురువు దగ్గరికి వెళ్ళింది. వైదేహమ్మ అంతా విన్నారు.

"కొండ మీది తల్లి మాటతో బతికిన పిల్లవాడు," అన్నారు. "ఇప్పుడు వాణ్ణి ఏ ఊరి లెక్కలో వేస్తావు జైబూ?"