కొసరు కోసం బ్యాంకాక్ వెళ్ళిన ముంగిస

అనగనగా ఒక అడవి. సముద్రానికి మరీ దూరం కాదు. గాలి ఇటు తిరిగిందంటే ఓడ కూత వినిపించేది. ఆ అడవిలో ఒక ముంగిస ఉండేది. పేరు సన్యాసమ్మ. పేరు చూసి మోసపోకండి పిల్లలూ. ఆవిడ మనసు నిండేటన్ని వస్తువులు ఈ భూమ్మీద ఇంకా తయారు కాలేదు. పిడి లేని గరిటెలు, పగిలిన గాజులు, ఒంటి చెప్పులు, ఏది కనబడినా బొరియలోకి చేరిపోయేది. చివరికి ఆవిడ పడుకోవడానికే చోటు లేక తోక బయట పెట్టుకుని పడుకునేది.

సన్యాసమ్మకు ఇంకో అలవాటు కూడా ఉంది. ఏం తీసుకున్నా కొసరు లేకుండా కదిలేది కాదు. కొసరంటే మీకు తెలుసుగా. కూరగాయలమ్మ తూకం వేసేశాక కూడా మీ అమ్మ సంచి మూయకుండా నిలబడుతుందే, అప్పుడు పైన పడే రెండు పచ్చిమిరపకాయలు, ఒక కొత్తిమీర రెమ్మ, అదీ కొసరంటే. సన్యాసమ్మకు అసలు కన్నా కొసరే ముద్దు.

ఆవిడకు ప్రాణ స్నేహితురాలు ఒక ఎలుగుబంటి. పేరు అప్పలకొండ. ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. అప్పలకొండకు ఇష్టమైనవి రెండే, తేనె ఒకటి, నిద్ర ఒకటి. సముద్రం అవతల బ్యాంకాక్ అనే పట్నం ఉందనీ, అక్కడ ఒక పెద్ద గుడిలో కొండంత బుద్ధుడు హాయిగా పడుకుని ఉంటాడనీ ఓడరేవు కాకులు చెప్పినప్పటి నుంచీ అప్పలకొండకు మనసు మనసులో లేదు. దేవుళ్ళందరూ నిలబడో కూర్చునో ఉంటారు, పాపం వాళ్ళకు నడుము నొప్పి పుట్టదా అని ఆవిడకు చిన్నప్పటి నుంచీ బెంగ. ఒక్క సామి అయినా పడుకున్నాడంటే చూసి తీరాలనుకుంది.

బియ్యం ఓడెక్కి ఇద్దరూ కలిసి వెళ్ళాలనుకున్నారు. దారి ఖర్చుకు ఇప్పపువ్వు ఏరి ఎండబెట్టుకున్నారు. అప్పలకొండ తన పువ్వు మీద తేనె చిలకరించి మరీ ఎండబెట్టింది. తీరా ఓడ వచ్చే ముందు ఆవిడ తేనెపట్టు కోసం చెట్టెక్కి కిందపడింది. కాలికి కట్టు పడింది. ఇటు తిరిగితే ఒక నొప్పి, అటు తిరిగితే ఇంకో నొప్పి. కంటి మీద కునుకు లేదు. నిద్రే లోకంగా బతికిన ఎలుగుబంటికి ఆ నిద్రే దూరమైందంటే ఇంకేం మిగిలింది చెప్పండి.

"నా వంతు పువ్వు కూడా నువ్వే ఒట్టుకెళ్ళు వొదినా," అంది అప్పలకొండ. "నాకేటీ తేవద్దు. ఆ సామి మొహం ఎలగుందో, ఏ పక్కకి తిరిగి పడుకున్నాడో కళ్ళారా సూసి రా. వచ్చి నాకు సెప్పు. ఆయన పడుకున్నట్టే పడుకుంటే నాకూ నిద్ర పడతాదేమో."

సన్యాసమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పలకొండ అరచేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టింది. ఆ ఒట్టు మనస్ఫూర్తిగానే పెట్టింది పిల్లలూ, ఆవిడది చెడ్డ మనసేం కాదు.

ఓడలో ఎలుకలు ఆవిడను మహారాణిలా చూసుకున్నాయి. వచ్చింది ముంగిస కదా, చూసుకోక ఏం చేస్తాయి. రేవులో దిగగానే ఒక కొంగ పడవ వేసుకుని ఎదురొచ్చింది. ఊరు తిప్పి చూపించడమే దాని పని. పేరు ప్రసిత్. సన్యాసమ్మ నోట అది ప్రసాదు బాబు అయిపోయింది. కొంగ ఒకటి రెండుసార్లు సరిదిద్ది, తర్వాత మానేసింది.

మొదటి రోజు కొంగ ఆవిడను ముందు నది ఒడ్డున ఉన్న వేరే గుడికి తీసుకెళ్ళింది. గోపురం నిండా పింగాణీ ముక్కలతో పువ్వులు అద్ది ఉన్నాయి. ఎండ పడితే ఒక్కో పువ్వూ ఒక్కో రంగులో మెరుస్తోంది. పైకెక్కితే నది మొత్తం కనబడుతుందని కొంగ చెబుతూనే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే సన్యాసమ్మ లేదు. గుడి వాకిట్లో ఒక సయాం పిల్లి దుకాణం ముందు తేలింది. చేతిలో ఏనుగు బొమ్మల పంట్లాం. బేరం ఆడీ ఆడీ పిల్లికి గొంతు పోయింది. చివరికి బేరం తెగింది. పువ్వు పోసి, పంట్లాం మడతపెట్టి చంకలో పెట్టుకుని, సన్యాసమ్మ అక్కడే నిలబడింది.

"మరి కొసరెయ్యి," అంది.

జంతువుల భాష లోకమంతా ఒక్కటే. కానీ కొన్ని మాటలు మాత్రం పొలిమేర దాటవు. పిల్లి కాసేపు ఆలోచించింది.

"కొసరా? ఏ రంగుది?" అని అడిగింది.

"రంగేటి? ఏదైనా పరవాలేదు. కూసింత వేస్తే సాలు."

పాపం పిల్లి కొట్టంతా వెతికింది. పక్క దుకాణంలో అడిగింది. వాళ్ళు ఆ పక్క దుకాణంలో అడిగారు. సముద్రం దాటి ఒక పెద్దావిడ వచ్చిందట, కొసరనే సరుకు కోసం ఊరంతా వెతుకుతోందట అని బజారంతా పాకిపోయింది. కొందరు అది గుడ్డ అన్నారు, కొందరు పండు అన్నారు. ఈ గొడవలో పొద్దు గూకింది. గుడి తలుపులు మూసేశారు. గుడెక్కడికీ పోదులే అనుకుంటూ సన్యాసమ్మ పడవెక్కింది. కొంగ మెడ మాత్రం కొంచెం పొట్టిదైనట్టు కనిపించింది.

రెండో రోజు కాలువల్లో పడవల సంత. పడవల్లోనే పళ్ళు, పడవల్లోనే పొయ్యిలు, పడవల్లోనే వంట. కాలువ గట్టు మీద ఉడుము ఒకటి ఎండ కాగుతూ పలకరించింది, మా కాలువలు ఎలా ఉన్నాయమ్మా అని. సన్యాసమ్మ తలెత్తి చూస్తేగా. గాలికి మోగే గంటలు కొంది. కుళ్ళిన ఉల్లిపాయల వాసన కొట్టే దురియన్ పండు మిఠాయి కొంది. ఇనుముకు అంటుకునే చిన్న గుడి బొమ్మ కొంది. కొన్న ప్రతిచోటా కొసరు అడిగింది. ప్రతిచోటా వాళ్ళు లేదని చేతులు తిప్పేశారు. ఈ ఊళ్ళో ఇన్ని వస్తువులున్నా కొసరు లేదంటే ఆవిడకు నమ్మబుద్ధి కాలేదు.

అప్పుడు వినబడింది ఒక కేక. "కొసరమ్మా కొసరు. పాత కొసరు, అసలు కొసరు."

పొట్టి తోక కోతి ఒకటి పడవ వేసుకుని వస్తోంది. దాని ఒళ్ళో ఎర్రటి పెట్టె, పెట్టెకు జరీ దారం. నిన్న బజారులో పాకిన కబురు అది విన్నది. కోతులకు ఇంతకంటే ఏం కావాలి. సన్యాసమ్మ గుండె ఝల్లుమంది. లోపల ఏముందని అడిగింది. కొసరుంది అంది కోతి. తెరిచి చూపించమంది సన్యాసమ్మ.

"ఇక్కడ తెరిస్తే దాని గుణం పోతుంది," అంది కోతి గంభీరంగా. "ఇంటికెళ్ళి నీ వాళ్ళందరి మధ్యా తెరవాలి."

తన సంచిలో పువ్వు అప్పటికే అయిపోయింది. అప్పలకొండ ఇచ్చిన సంచి మిగిలింది. తేనె వాసన ఘుమఘుమలాడుతోంది. సన్యాసమ్మ ఒక్క క్షణం ఆగింది. వదినకే కదా పట్టుకెళ్తున్నాను అని సర్ది చెప్పుకుని సంచి సంచీ కోతి పడవలోకి బోర్లించింది. కోతి అటు తిరిగి పెట్టెలో ఏదో సర్ది, జరీ దారం మళ్ళీ బిగించి ఇచ్చింది. కొసరును కొనుక్కున్న జీవి ఈ లోకంలో ఆవిడ ఒక్కతే అయ్యుంటుంది. పెట్టె చేతికొచ్చాక ఊరికే ఉందా అంటే లేదు. దీని మీద కొసరేది అని అడిగింది. అంత కోతీ తెడ్డు అందుకుని పడవ గబగబా అటు తిప్పేసింది.

మూడో రోజు ఓడ బయలుదేరే రోజు. ఈరోజు ఎటూ చూడకుండా నేరుగా పడుకున్న సామి దగ్గరికే పోదామని కొంగ గట్టిగా చెప్పింది. సన్యాసమ్మ కూడా తలూపింది. అయితే దారిలో మరో రెండు దుకాణాలు తగిలాయి, కొనడానికి పువ్వు లేకపోయినా వాళ్ళు పారేసిన డబ్బాలూ పేలికలూ ఏరి మూట కట్టింది. గుడికి చేరేసరికి ఆవిడ రెండు చేతుల నిండా మూటలు, నెత్తి మీద మూట, తోకకు గంటలు. నడుస్తుంటే పెళ్ళి ఊరేగింపు వస్తున్నట్టు ఉంది. ఎదురుగా ఏముందో కనబడటం లేదు.

గుమ్మం పైన ఒక పెద్ద బల్లి కాపలా ఉంది.

"అమ్మా, మూటలు ఇక్కడ దించి వెళ్ళండి," అంది బల్లి. "లోపల దారి ఇరుకు. సామి మొహం ఆ చివర ఉంటుంది. మీరొచ్చేదాకా నేను చూస్తుంటాను."

కొంగ కూడా అదే మాట చెప్పింది. మూటలు నేను కాస్తాను, వెళ్ళి చూసి రండి, మళ్ళీ రాగలరో లేదో అంది. సన్యాసమ్మకు అప్పలకొండ అరచెయ్యి గుర్తొచ్చింది. మూటలు దించబోయింది. అంతలో ఎర్రపెట్టె కళ్ళబడింది. ఇంత కష్టపడి సంపాదించిన కొసరు. ఎవరైనా ఎత్తుకుపోతే? బల్లిని చూసింది, కొంగను చూసింది, ఎవరి మీదా నమ్మకం కుదరలేదు. దించబోయిన మూటలు మళ్ళీ గట్టిగా పట్టుకుంది.

అలాగే గుమ్మం దగ్గర వంగి, మూటల కింద సందులోంచి లోపలికి చూసింది. ఆవిడ నిలబడింది కాళ్ళ వైపు. పాదాలు కనబడ్డాయి. రెండు పెద్ద పాదాలు. ఆవిడ చూపు అక్కడే ఆగిపోయింది. ఆ రెండు నిమిషాలూ నిజంగానే బజారు మర్చిపోయింది. ఇంతలో రేవులో ఓడ కూత వేసింది.

"పాదాల దర్శనం అయిందంటే మొత్తం అయినట్టే," అంది సన్యాసమ్మ.

మన ఇళ్ళల్లో ఎవరైనా నిజం చెబితే బల్లి టక్కుమని పలుకుతుంది అంటారు కదా. ఆ బల్లి పలకలేదు.

అడవిలో ఆవిడకు ఎదురుకోలు చూడాలి. అందరూ వచ్చారు. అప్పలకొండ కుంటుకుంటూ వచ్చి ముందు వరసలో కూర్చుంది. సన్యాసమ్మ మూటలు విప్పింది. ఏనుగుకు ఏనుగు బొమ్మల పంట్లాం ఇచ్చింది. అది దాని తొండానికి మాత్రం సరిపోయింది. గుడి బొమ్మ అలుగుకు ఇచ్చింది. అలుగు దాన్ని తన పెంకుల మీద ఎన్ని చోట్ల అతికించుకున్నా జారి పడింది. దురియన్ మిఠాయి విప్పగానే నక్కలన్నీ ఏదో పని గుర్తొచ్చినట్టు గాలి వచ్చే వైపుకు వెళ్ళి కూర్చున్నాయి. అందరూ మర్యాదగా బాగుంది అన్నారు.

ఆఖరున ఎర్రపెట్టె. సన్యాసమ్మ దాని గొప్పతనం చెప్పి, దారం విప్పి, మూత తీసింది. లోపల పట్టుకాగితం. కాగితం లోపల గుప్పెడు ఎండిన పువ్వు. తేనె వాసన.

ముళ్ళపంది ముక్కు పెట్టి చూసింది. "ఇది మన తూర్పు కొండ ఇప్పపువ్వే," అంది.

ఎవరికి వాళ్ళు అప్పలకొండ వైపు చూశారు. తేనె చిలకరించి ఎండబెట్టేది ఆ అడవిలో ఆవిడ ఒక్కతే మరి. మొదట ఏనుగు నవ్వింది. ఏనుగు నవ్వితే అడవిలో నవ్వనివాళ్ళు ఎవరు. సన్యాసమ్మకు తల కొట్టేసినట్టయింది.

అప్పలకొండ మాత్రం నవ్వలేదు. ఆ పువ్వు సంగతే ఎత్తలేదు. అందరూ వెళ్ళిపోయాక దగ్గరకు జరిగి, కట్టు కట్టిన కాలు చాపుకుని, కళ్ళు మూసుకుంది.

"ఇప్పుడు సెప్పొదినా," అంది. "సామి ఎలగున్నాడు?"

కుడి అనో ఎడమ అనో ఒక మాట అనేస్తే పోయేది. ఎవరికి తెలుస్తుంది? కానీ మూసిన ఆ కళ్ళు చూశాక సన్యాసమ్మకు అబద్ధం నోట్లోంచి రాలేదు. ఉన్నదే చెప్పడం మొదలుపెట్టింది. ఆ పాదాలు ముత్యపు చిప్ప లోపలి భాగంలా మెరుస్తాయనీ, ఒక్కో వేలు తన కంటే పెద్దదనీ, అరికాళ్ళ నిండా చిన్న చిన్న బొమ్మలు పొదిగారనీ, అన్ని బొమ్మలున్నా ఎక్కడా ఇరుకుగా లేదనీ చెప్పింది. చెబుతుంటే ఆవిడ గొంతే మెత్తబడింది. అప్పలకొండ మొహం మీద ఎన్నాళ్ళకో నవ్వు వచ్చింది. ఒళ్ళు సడలింది. నిద్ర అంచు దాకా వెళ్ళినట్టే ఉంది.

"ఊఁ. మొహం?"

"సూడలేదొదినా."

"పోనీ ఏ పక్క?"

"రెండు పాదాలూ సమానంగా ఉన్నాయి. తెలీలేదు."

అప్పలకొండ మొహం మీద నవ్వు మెల్లగా ఆరిపోయింది. కోపం తెచ్చుకున్నా బాగుండు అనిపించింది సన్యాసమ్మకు.

"పోన్లే. పాదాలు బాగున్నాయి," అంది అప్పలకొండ కళ్ళు తెరవకుండానే. "కూసింత కొసరెయ్యొదినా."

సన్యాసమ్మ చుట్టూ చూసింది. మూటలున్నాయి, గంటలున్నాయి, ఎర్రపెట్టె ఉంది. ఉడుము మాట్లాడించిన కాలువ గట్టు ఎలా ఉందో గుర్తు తెచ్చుకోబోయింది, రాలేదు. పింగాణీ పువ్వులు ఏ రంగులో మెరిశాయో గుర్తు తెచ్చుకోబోయింది, రాలేదు. బతుకంతా అందరినీ కొసరు అడిగిన ముంగిసను మొదటిసారి ఒకరు కొసరు అడిగారు. వెయ్యడానికి ఆవిడ దగ్గర చిటికెడు కూడా లేదు.

అప్పలకొండ కాసేపు ఎదురుచూసింది. తర్వాత మూలుగుతూ ఇటు దొర్లింది. మళ్ళీ అటు దొర్లింది.

నీతి: ఊరు చూడబోయినప్పుడు ముందు చేతుల్లో మూటలు దించి ఊరు చూడండి, మన కోసం ఎదురుచూసేవాళ్ళకు పంచి పెట్టాల్సింది కళ్ళారా చూసిన ఆ నాలుగు సంగతులే.